"అలవాటైతది తమ్మీ": ఒక ఇంగ్లీషు మాట వెనుక కథ

కొత్తగా వచ్చిన తమ్ముడు మొదటి వారం ఏమంటాడో మన క్యాంపుల్లో అందరికీ తెలుసు. "అన్నా, ఈ ఎండల నాతోని కాదే" అంటాడు. పై మంచం మీద పడుకున్న అన్న కళ్ళు తెరవకుండానే జవాబిస్తాడు: "అలవాటైతది తమ్మీ, పండుకో." తెల్లారి సైటు మీద ఫోర్‌మన్ అదే మాటను హిందీలో అంటాడు: "ఆదత్ హో జాయేగీ." మనం వచ్చిన కొత్తలో మనకూ ఎవరో ఇదే చెప్పారు. మనమూ మరొకరికి చెప్పాం.

ధైర్యం చెప్పడానికి అనే మాటే ఇది. అందులో తప్పు లేదు. కానీ ఈ మాటకు పెద్ద చరిత్ర ఉంది. మనకన్నా ముందు సముద్రాలు దాటిన మన తాతముత్తాతల గురించి, మనమిప్పుడు పనిచేస్తున్న ఈ నేల మీద మనకు ముందు చెమటోడ్చిన వాళ్ళ గురించి కూడా ఇదే మాట అన్నారు. ఎవరు ఎవరి గురించి అన్నారు, అంటే ఎవరికి లాభం కలిగింది? ఈ వారం ఆ సంగతి చూద్దాం.

పనిలోంచి పుట్టిన మాట

ఇంగ్లీషులో దీనికి 'ఇన్యూర్' అని ఒక మాట ఉంది. మామూలు మాటల్లో తక్కువగా, పుస్తకాల్లో, పత్రికల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కష్టానికో, నొప్పికో, ఎండకో, అవమానానికో అలవాటుపడి, ఇక అది బాధ అనిపించని స్థితికి రావడం దాని అర్థం. "ఫలానా వాళ్ళు కష్టానికి ఇన్యూర్ అయినవాళ్ళు" అన్న పద్ధతిలో వాడతారు. గమనించండి, తన గురించి తాను చెప్పుకోవడం కన్నా ఒకరి గురించి ఇంకొకరు చెప్పడానికే ఈ మాట బాగా పనికొస్తుంది.

మన తెలుగులో దీనికి ఒకటి కాదు, రెండు మాటలున్నాయి. ఒకటి రాటుదేలడం, రెండోది మొద్దుబారడం. ఈ రెంటికీ తేడా మన స్టీల్ ఫిక్సర్లకు బాగా తెలుసు. మొదటి నెలలో చేతులకు బొబ్బలు లేస్తాయి. తర్వాత కాయలు కాస్తాయి. అప్పుడు చెయ్యి రాటుదేలింది అంటాం, పని చురుగ్గా సాగుతుంది. అదే చెయ్యి మొద్దుబారితే మాత్రం నిప్పు తగిలినా తెలియదు. ఒకటి నేర్పు, ఇంకొకటి నష్టం. ఇంగ్లీషువాళ్ళు రెండింటినీ ఒకే మాటలో కలిపేశారు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. లాటిన్ భాషలో 'ఓపెరా' అంటే పని. పాత ఫ్రెంచి భాషలో ఆ మాట రూపం మారి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'యూర్' అయింది. 'ఇన్ యూర్' అంటే పనిలో, వాడుకలో ఉండటం. ఆ రెండూ అతుక్కుని 15వ శతాబ్దం నాటికి 'ఇన్యూర్' అయ్యాయి. మనం రోజూ అనే క్రేన్ ఆపరేటర్‌లోని 'ఆపరేటర్', ఆస్పత్రిలో 'ఆపరేషన్' ఆ లాటిన్ వేరు నుంచే వచ్చాయి. ఎరువుకు ఇంగ్లీషులో వాడే 'మాన్యూర్' కూడా దాని చుట్టమే. మొదట్లో ఆ మాటకు చేత్తో నేలను పనిచేయడం, అంటే సేద్యం చేయడం అని అర్థం. అంటే ఇవన్నీ పనివాడి చేతి నుంచి పుట్టిన మాటలు.

అయితే ఇన్యూర్‌కు కోర్టుల్లో, కాంట్రాక్టు కాగితాల్లో మరో అర్థం ఉంది. అక్కడ అది అలవాటు గురించి చెప్పదు, లాభం ఎవరికి చెందుతుందో చెబుతుంది. "ఈ ఒప్పందం వల్ల కలిగే లాభం ఫలానా వారికీ, వారి వారసులకూ ఇన్యూర్ అగును" అని రాస్తారు. మన ఊళ్ళో దస్తావేజు రాసేవాళ్ళు 'దఖలు పడును' అంటారే, అచ్చం అదే.

కష్టానికి అలవాటుపడటం ఒక అర్థం. లాభం దఖలు పడటం ఇంకో అర్థం. ఒకే మాట. అలవాటు ఒకడిదైతే లాభం ఇంకొకడికి దఖలు పడిన కథలు చరిత్రలో చాలా ఉన్నాయి. కొన్ని చూద్దాం.

తోటల యజమానుల లెక్క

కరీబియన్ దీవుల్లో చెరకు తోటలకు ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చేవారు. దిగిన తర్వాత మొదటి ఒకటి రెండేళ్ళను తోటల యజమానులు 'సీజనింగ్' అనేవారు. మన కార్పెంటర్లకు ఈ మాట తెలుసు. పచ్చి కలపను ఆరబెట్టి పదును చేయడాన్ని సీజనింగ్ అంటారు. అక్కడ కలపకు బదులు మనుషులు. కొత్త నేలకు, కొత్త రోగాలకు, కొరడా కింద పనికి అలవాటుపడే ఆ కాలంలోనే ఎంతోమంది చనిపోయేవారు. బతికినవాళ్ళను "సీజన్ అయినవాళ్ళు" అని ఎక్కువ ధరకు అమ్మేవారు.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు చట్టం 1834లో అమల్లోకి వచ్చింది. యజమానులకు వేరే మనుషులు కావాల్సి వచ్చింది. జాన్ గ్లాడ్‌స్టన్ అనే లివర్‌పూల్ వ్యాపారికి దక్షిణ అమెరికాలోని డెమరారాలో చెరకు తోటలుండేవి. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్ ఈయన కొడుకే. జాన్ గ్లాడ్‌స్టన్ 1836 జనవరిలో కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాసి, పనివాళ్ళు దొరుకుతారా అని అడిగాడు. కొండజాతుల మనుషులున్నారు, వాళ్ళకు తిండి, నిద్ర తప్ప పెద్ద కోరికలేమీ లేవు, ఎక్కడికి వెళ్తున్నారో, ప్రయాణం ఎంత దూరమో కూడా వాళ్ళకు తెలియదు అన్న అర్థంలో కంపెనీ జవాబు రాసింది. వాళ్ళను మనుషుల కన్నా జంతువులకు దగ్గరవాళ్ళుగా వర్ణించింది. 1838లో 'విట్బీ', 'హెస్పరస్' అనే రెండు ఓడలు సుమారు 400 మందిని డెమరారా చేర్చాయి. అక్కడ వాళ్ళ పాట్లు బయటపడి గొడవ లేవడంతో 1839లో ఇండియా ప్రభుత్వం ఈ వలసను కొంతకాలం నిషేధించింది. తర్వాత మళ్ళీ తెరిచింది.

ఆ దారిలోనే మనవాళ్ళూ వెళ్ళారు. ఇప్పటి ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, తర్వాత ఫిజీకి తెలుగువాళ్ళు ఓడలెక్కారు. నేటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. సాధారణంగా ఐదేళ్ళ ఒప్పందం. 'అగ్రిమెంట్' అన్న మాట పనివాళ్ళ నోట్లో నలిగి 'గిర్మిట్' అయింది. అందుకే వాళ్ళకు గిర్మిటియాలని పేరు వచ్చింది. ఎండకు, మట్టి పనికి వీళ్ళు అలవాటుపడ్డవాళ్ళే అన్న నమ్మకంతోనే ఆ వ్యాపారం నడిచింది. ఈ పద్ధతి కింద మనుషులను పంపడం 1917లో ఆగింది. ఫిజీలో మిగిలిన గిర్మిట్లు 1920 జనవరి 1న రద్దయ్యాయి.

రంగూన్ రేవులో మనవాళ్ళు

ఇంకొందరు గిర్మిట్ లేకుండానే దగ్గర్లోని బర్మాకు వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుపానులో అది దెబ్బతింది. కానీ ఆ రేవు పేరు మాత్రం మనుషులకు అంటుకుపోయింది. రంగూన్‌లో తెలుగు కూలీలందరినీ 'కోరంగీలు' అనేవారు. ఇక్కడ మనల్ని ఊరి పేరు అడక్కుండా ఒకే పేరుతో పిలిచేస్తారు కదా, అలాగే. ఓడల్లో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని చాలావరకు వాళ్ళదే. ఊళ్ళో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, ఓడ చార్జీలు తీసుకుని వెళ్ళేవారు. ఆ అప్పు కూలిలోంచి కోసుకునేవారు. ఇరుకు గదుల్లో కిక్కిరిసి ఉండేవారు. ఈ సంగతులు చదువుతుంటే మన గది, మన ఏజెంటు అప్పు గుర్తుకు రావడం లేదూ!

ఎంత బరువైనా మోస్తారు, ఎంత ఇరుకైనా ఉంటారు అని పేరు పడ్డ ఆ కోరంగీలే 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె కట్టారు. అలవాటుపడ్డవాళ్ళు నోరు తెరిచారు. ఓడల పని చూసేవాళ్ళు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. తర్వాత తెలుగువాళ్ళతో రాజీ కుదిరి వాళ్ళు పనికి తిరిగిరాగానే బర్మా కూలీల పని పోయింది. మే 26న రేవు దగ్గర మొదలైన ఘర్షణ ఊరంతా పాకింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలు. కొట్టుకున్నవాళ్ళు రెండువైపులా పేదలే. తక్కువ కూలికి ఎవరు ఎక్కువ అలవాటుపడితే వాళ్ళకే పని అన్న పోటీ పెడితే, చివరికి ఆ పోటీలో కూలీ గెలవడు.

ఈ సముద్రంలోనే

ఇప్పుడు మనమున్న ఈ దేశానికి వద్దాం. నూనె దొరకకముందు ఇక్కడి జనం బతుకు ఏమిటో మనలో చాలామందికి తెలియదు. అబుదాబిలో నూనె బయటపడింది 1958లో, ఎగుమతి మొదలైంది 1962లో. దుబాయిలో నూనె దొరికింది 1966లో. ఇప్పుడు ఏడు ఎమిరేట్లున్న ఈ దేశం 1971లో ఏర్పడింది. అంతకుముందు ఈ తీరానికి పెద్ద ఆధారం ముత్యాలు. 20వ శతాబ్దం మొదట్లో ఈ తీరం నుంచే 20 వేలమందికి పైగా ముత్యాల వేటకు వెళ్ళేవారు.

వేట కాలం ఎండాకాలమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సుమారు నాలుగు నెలలు పడవల మీదే కాపురం. ముక్కుకు కొమ్ముతోనో ఎముకతోనో చేసిన బిగింపు, కాలికి రాయి, మెడలో బుట్ట. మునిగేవాడు ఊపిరి బిగబట్టి ఒకటి ఒకటిన్నర నిమిషం అడుగున ఆల్చిప్పలు ఏరాలి. పైనున్నవాడు తాడు లాగాలి. రోజుకు పదుల సార్లు ఇదే పని. కడుపు నిండితే మునగడం కష్టమని పగలు కాసిన్ని ఖర్జూరాలు, కాఫీ. అసలు తిండి రాత్రికే. చెవులు చెడేవి, కళ్ళు చెడేవి, ఉప్పు నీటికి చర్మం పుళ్ళు పడేది. "మునిగినవాడికి చలేమిటి" అని మన సామెత. కానీ వీళ్ళకు ఆ మునకే రోగమైంది.

పడవ కెప్టెన్‌ను 'నఖుదా' అంటారు. వెళ్ళేముందు ఇంటి ఖర్చులకు ఆయన అడ్వాన్సు ఇచ్చేవాడు. వేట సరిగా పడకపోతే ఆ అడ్వాన్సు అప్పుగా మిగిలేది. అప్పు తీరేదాకా మళ్ళీ అదే పడవ ఎక్కాలి. తండ్రి చనిపోతే అప్పు కొడుకు నెత్తిన పడిన సందర్భాలూ ఉన్నాయి. పక్కనున్న బహ్రెయిన్‌లో 1920లలో అడ్వాన్సులకు హద్దు పెట్టి, మునిగేవాడి పేరున లెక్కల పుస్తకం ఉండాలని సంస్కరణలు తెచ్చారు. తర్వాత జపాన్‌లో పెంచిన ముత్యాలు బజారుకెక్కడం, 1929లో ప్రపంచమంతా మాంద్యం రావడంతో ఈ వ్యాపారం కూలిపోయింది.

ఆ ముత్యాలు ఎక్కడికి వెళ్ళేవో తెలుసా? ముందు బొంబాయికి. అక్కడి నుంచి చాలావరకు యూరప్‌కు, కొంత మన హైదరాబాదుకు. నిజాం నగల్లో పేరు మోసిన 'బస్రా ముత్యాలు' ఈ గల్ఫ్ నీళ్ళలోవే. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణాలకు పేరు రావడం వెనుక ఈ సముద్రంలో ఊపిరి బిగబట్టినవాళ్ళ కష్టం ఉంది. వాళ్ళ చెవులు, కళ్ళు పోయాయి. ముత్యాలు మన ఊరి నవాబుల మెడకు దఖలు పడ్డాయి. అప్పుడు ఇక్కడివాడి కష్టం మన ఊరికి వచ్చింది, ఇప్పుడు మన ఊరివాడి కష్టం ఇక్కడికి వచ్చింది. ఇక్కడి ముసలివాళ్ళెవరైనా ముత్యాల రోజుల గురించి చెబితే శ్రద్ధగా వినండి. వాళ్ళ తాతలకూ అప్పు తెలుసు, ఎండ తెలుసు.

అలవాటైతే నీళ్ళు తక్కువ చాలా?

ఇంతకీ ఒళ్ళు ఎండకు అలవాటుపడుతుందా? పడుతుంది. సైన్సు కూడా కాదనదు. ఈ సంగతి బాగా పరిశీలించిన చోట్లలో దక్షిణాఫ్రికా బంగారు గనులు ఒకటి. లోతు పెరిగేకొద్దీ గనుల్లో వేడి పెరిగి, 1920లలో కూలీలు వడదెబ్బతో చనిపోసాగారు. అప్పుడు కొత్తవాళ్ళను ఒకేసారి వేడిలోకి దించకుండా కొన్నాళ్ళపాటు మెల్లమెల్లగా అలవాటు చేసే పద్ధతి పెట్టారు. చావులు తగ్గాయి. పని కూడా ఎక్కువైంది, ఆ లాభం గని యజమానులకు దఖలు పడిందనుకోండి.

ఎండలో పని మొదలుపెట్టాక ఒళ్ళు సర్దుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అప్పుడు చెమట త్వరగా పడుతుంది, ఎక్కువగా పడుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది. అందుకే కొత్తవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఎండలో ఇచ్చి, రోజుకింత పెంచుతూ పోవాలని అమెరికా ఆరోగ్య నిపుణులు చెబుతారు. వడదెబ్బ చావులు ఎక్కువగా మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి.

పాతవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. ఒకటి, ఈ అలవాటు నిలవ ఉండదు. ఎండకు దూరంగా వారం గడిస్తే తగ్గడం మొదలవుతుంది, నెల రోజులకు దాదాపు పోతుంది. ఊరికి రెండు నెలలు సెలవు మీద వెళ్ళి వచ్చిన పదేళ్ళ సీనియర్ కూడా ఎండ విషయంలో మళ్ళీ కొత్తవాడే. "నాకేం, పాతోణ్ణి" అని మొదటి రోజే ఫుల్ డ్యూటీకి దిగకూడదు.

రెండోది ఇంకా ముఖ్యం. అలవాటుపడ్డ ఒంటికి నీళ్ళు తక్కువ చాలవు, ఎక్కువ కావాలి. చెమట ఎక్కువ పడుతుంది కదా! రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులను తక్కువ నీళ్ళకు అలవాటు చేయవచ్చని కొందరు అధికారులు నమ్మేవారు. అమెరికాలో అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త తన బృందంతో కాలిఫోర్నియా ఎడారిలో పరీక్షలు చేసి, అది కుదరదని తేల్చారు. ఆ ఫలితాలు 1947లో పుస్తకంగా వచ్చాయి. వాళ్ళు కనిపెట్టిన మరో సంగతి: పనిలో ఉన్న మనిషి దాహం తీరేదాకా తాగినా, పోయిన నీరంతా తిరిగి రాదు. అందుకే దాహం కోసం ఎదురుచూడకుండా, ఎండలో పని చేస్తున్నంతసేపూ పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగాలి.

మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకు చిన్న వయసులోనే కిడ్నీలు చెడిపోతున్నాయి. వేడి, విరామం లేని పని, నీళ్ళు చాలకపోవడం ముఖ్య కారణాలని పరిశోధకులు అంటున్నారు. కిడ్నీ చెడేటప్పుడు మొదట్లో నొప్పి ఉండదు. ఇన్యూర్ అన్న మాటలోని మోసం ఇదే. బాధ తెలియకపోవడం వేరు, నష్టం జరగకపోవడం వేరు.

చట్టం ఏమంటోంది

ఎండలో పని గురించి ఈ దేశం 2005లో నిబంధన తెచ్చింది. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట నేరుగా ఎండలో పని చేయించకూడదు. ఆపడానికి వీల్లేని కొన్ని పనులకే మినహాయింపు. నీడ, చల్లని నీళ్ళు ఇవ్వాలి. ఉల్లంఘిస్తే ఒక్కో పనివాడికి 5 వేల దిర్హమ్‌ల చొప్పున, మొత్తం 50 వేల దాకా జరిమానా. కార్మిక మంత్రిత్వ శాఖకు 600590000 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. ఒకప్పుడు ఏ నెలల్లో ముత్యాల పడవలు ఎండలోకి కదిలేవో, ఆ నెలల్లోనే ఇప్పుడు మధ్యాహ్నం పని ఆగుతోంది. ఎంత అలవాటుపడ్డవాడికైనా హద్దు ఉంటుందని చట్టమే ఒప్పుకుంది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం, పనిలో పెట్టుకునే ఖర్చును పనివాడి మీద వేయకూడదని కూడా చెబుతోంది. నఖుదా అప్పు లాంటి అప్పుతో ఇంకా మనవాళ్ళు దిగుతున్నారంటే, ఆ డబ్బు ఎవరికి దఖలు పడుతోందో అడగాల్సిందే.

పక్కవాడు ఎండలో తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతూ పడిపోయినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని నిర్లక్ష్యం చేయకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ గాలి తగలనిచ్చి, వెంటనే 998కి ఫోన్ చేసి అంబులెన్సును పిలవండి.

మన చేతులు రాటుదేలాయి. ఆ నేర్పు మనది, దాంతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, పిల్లల ఫీజులు కడుతున్నాం. దానికి సిగ్గుపడనక్కర లేదు. కానీ రాటుదేలడం వేరు, మొద్దుబారడం వేరు. ఇంకొకడు "వీళ్ళకు అలవాటే" అంటే మాత్రం, లాభం ఎవరికని ఒకసారి ఆలోచించాలి.

ఈసారి మన గదిలోకి కొత్త తమ్ముడు వచ్చి "నాతోని కాదే అన్నా" అంటే, అటు తిరిగి పడుకోకుండా లేచి కూర్చుందాం. "మొదటి పదిహేను రోజులు నిమ్మళంగ చెయ్యి తమ్మీ, దూప కాకున్నా నీళ్ళు తాగు, తల తిరిగితే దాచకుండ చెప్పు" అందాం. సెలవు నుంచి తిరిగొచ్చిన పాత అన్నకూ అదే చెబుదాం.